ఎదురు పళ్ళెం

మంగళవారం నాడు గద్వాల దవాఖానలో డాక్టరమ్మ స్వరూపను నిలబెట్టి, ఇంట్లో ముసలామెకు తిండి పెడుతున్నావా లేదా అని అడిగింది. గురువారం నాడు పశువుల దవాఖానలో డాక్టరు అదే స్వరూపను కూర్చోబెట్టి, ఇంత తిండి ఎందుకు పెడుతున్నారని అడిగాడు. మొదటిది అత్త ఎంకమ్మ సంగతి. రెండోది ఇంట్లో పెంచుతున్న తాబేలు సంగతి. రెండు నోళ్ళకూ పెట్టే చెయ్యి ఒక్కటే. ఆ వారం ఆ చెయ్యి ఏం చేసినా తప్పే అయింది.

మంగళవారం పొద్దున ఎంకమ్మ నాష్టా అయ్యాక మంచం దిగబోయి అక్కడే కూలబడింది. ఒళ్ళంతా చెమటలు. పిలిస్తే పలుకు లేదు. స్వరూప చక్కెర నీళ్ళు కలిపి చెంచాతో నోట్లో పోసింది. కేకలు విని పక్కింటి జమ్ములమ్మ వచ్చింది, ఆమే ఆటో పిలిచింది. దవాఖాన చేరేసరికి ఎంకమ్మ కళ్ళు తెరిచి, తన చెప్పులేవని అడుగుతున్నది.

డాక్టరమ్మ కాగితం చూసి తల ఊపింది. "షుగర్ మొత్తం పడిపోయింది. సూది ఇచ్చినంక తినకుంటే పాణం మీదికొస్తదని చెప్పిన్నా లేదా?"

"తిన్నది మేడం. జొన్నరొట్టె, పప్పు. పళ్ళెం ఖాళీగనే వచ్చింది."

"పళ్ళెం ఖాళీ అయితే మనిషి గిట్లెందుకున్నది? రేపటి సంది ఎదురుంగ ఉండి చూడు, ఎంత తింటున్నదో."

వరండాలో జమ్ములమ్మ ఊరికే ఉండలేదు. మంచి మనిషే, కాకపోతే తెలిసిన మాటను కడుపులో దాచుకునే అలవాటు లేదు. "ఆకలైతున్నదని నాతోని చానసార్లన్నది స్వరూపా. మొన్న అరుగు మీద కూసోని, జర ఏమన్న ఉంటే పెట్టమన్నది. నేనే నీకు చెప్పలే, ఏమనుకుంటవో అని" అన్నది. స్వరూపకు చెప్పలేదు కానీ, వనపర్తిలో ఉన్న ఆడబిడ్డ పుష్పమ్మకు మాత్రం దవాఖాన బయటి నుంచి ఫోన్ చేసి చెప్పిందని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం బస్సుకు పుష్పమ్మ దిగింది. వచ్చీరాగానే తల్లి పక్కన కూర్చొని, రవిక చేతిని రెండు వేళ్ళతో పట్టి లాగింది. బట్ట సంచిలా సాగింది.

"ఈ రైక పోయిన దసరాకు నేనే కుట్టిచ్చిన. బిగుతైందని అన్నది అప్పుడు." పుష్పమ్మ స్వరూప వైపు చూడకుండానే అన్నది. "ఏం తింటున్నవమ్మా ఇంట్ల?"

ఎంకమ్మ కూతుర్ని చూసింది, కోడల్ని చూసింది. "పెడుతుంది. తింటున్న" అన్నది. అంత నీరసంగా అంటే ఎవరైనా నమ్ముతారా? భయపడి అంటున్నదనే అనుకుంటారు. వార్డులో ఉన్నవాళ్ళంతా అట్లాగే అనుకున్నట్టు స్వరూపకు అనిపించింది.

"ఐతారం వచ్చి అమ్మను తీస్కపోత" అన్నది పుష్పమ్మ లేస్తూ. "నాకు దుకాణం ఉన్నా సరే, ఏమున్నా సరే. కన్నతల్లి కడుపు మాడుతుంటే చూస్కుంట కూసుంటనా?"

పదేళ్ళుగా స్వరూప పొద్దున సూది, మాపున సూది వేసి, మెత్తని రొట్టె చేసి పప్పులో నానబెట్టి ఇస్తున్నది. ఒక్కమాటలో అదంతా కొట్టుకుపోయింది. సాయంత్రానికి ఎంకమ్మను ఇంటికి పంపించారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన భర్త నాగేశ్‌తో చెబితే, ఆయన చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, "అక్క కోపంల అన్నది. తీస్కపోతనంటే తీస్కపోనీ, నీకు గూడ జర ఆరాం ఉంటది" అన్నాడు. ఆర్టీసీ డ్రైవరు. రోజంతా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ రోడ్డు మీద తిరిగి వచ్చినవాడికి ఇంట్లో గొడవ కంటే నిద్ర ముఖ్యం. ఆరాం అనే మాట స్వరూప చెవిలో ఉండిపోయింది.

*

తాబేలు కూడా నాగేశ్ తెచ్చిందే. నాగర్‌కర్నూల్‌లో బస్సు ఖాళీ అయ్యాక వెనక సీటు కింద ప్లాస్టిక్ డబ్బాలో దొరికింది. అప్పుడు రూపాయి బిళ్ళంత ఉండేది, చెవుల దగ్గర ఎర్రటి చారలు. దిగిపోయినవాళ్ళెవరూ అడగడానికి రాలేదు. అడవిలోది కాదు, దుకాణాల్లో అమ్మే రకమని కండక్టరు చెబితే ఇంటికి పట్టుకొచ్చి, దానికి ప్యాసింజర్ అని పేరు పెట్టాడు. ఇప్పుడది అన్నం పళ్ళెమంత అయింది. అద్దాల తొట్టి కొనవలసి వచ్చింది. ఆ తొట్టిని అత్త మంచానికి ఎదురుగా పెట్టించింది స్వరూపే. తను ముందు గదిలో రాట్నం ముందు కూర్చొని మగ్గాలవాళ్ళకు దారం కండెలు చుడుతుంటే లోపల ముసలామెకు పొద్దుపోదని, ఆ తాబేలు ఈదుతుంటే చూస్తూ కూర్చుంటుందని ఆమె ఆలోచన.

గురువారం తొట్టి నీళ్ళు మారుస్తూ చూస్తే ప్యాసింజర్ కాళ్ళు లోపలికి పోవడం లేదు. డిప్ప అంచుల దగ్గర కండ పీట మీద నుంచి జారిన పిండిలా బయటికి పొంగి ఉంది. నీళ్ళు ఒకటే వాసన. ఈ మధ్య నీళ్ళు ఎందుకిట్లా తొందరగా పాడవుతున్నాయో ఆమెకు తెలియడం లేదు. మనిషిని పట్టించుకోలేదన్నారు, కనీసం దీన్నయినా పట్టించుకుందాం అనుకొని, మూత ఉన్న బకెట్లో పెట్టుకొని పశువుల దవాఖానకు పోయింది. అత్తను చూడమని జమ్ములమ్మకు చెప్పింది. జమ్ములమ్మ సంతోషంగా ఒప్పుకున్నది.

అక్కడ బర్రెలు, గొర్రెలు, కుంటుతున్న ఒక ఎద్దు. స్వరూప బకెట్ మూత తీయగానే చుట్టూ మూగారు. "పాలెన్నిస్తదమ్మా పూటకు?" అని ఒక గొర్రెలాయన అడిగాడు. అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత స్వరూపకు కూడా నవ్వొచ్చింది.

డాక్టరు ముదస్సిర్ కుర్రవాడు. తాబేలును చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. తనకు వీటి సంగతి అంతగా తెలియదని మొదటే చెప్పి, హైదరాబాదులో ఉన్న దోస్తుకు ఫోటోలు పంపి, ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు.

"రోగమేం లేదమ్మా. కొవ్వు. రోజుకెన్నిసార్లు పెడుతున్నరు?"

"పొద్దున, మాపున. చిటికెడు మేత గోలీలు. చేపల దుకాణాయన గట్లనే పెట్టమన్నడు."

"పిల్లగున్నప్పుడు రోజూ పెట్టాలె. ఇంత పెద్దగైనంక రెండు మూడు రోజులకోసారి చాలు. ఎంత పెట్టాలెనంటే, దాని తలకాయెంతుంటదో అంత. ఆకుకూర ఉంటే రోజు జరంత వేసినా ఏం కాదు."

"అది ఎప్పుడు చూసినా ఆకలి మీదనే ఉంటది సార్. మనిషి కనిపిస్తే చాలు, అద్దానికి కాళ్ళు కొట్టుకుంట నోరు తెరుస్తది."

"అది ఆకలి కాదమ్మా, అలవాటు. మనిషొస్తే తిండొస్తదని దానికి ఎరుకైంది. మీరు కరిగిపోవద్దు." ఆయన తాబేలును బకెట్లో దించి చేతులు కడుక్కున్నాడు. "ఇంకోటి. చిటికెడు గోలీలకు ఇంత కొవ్వు రాదు. ఇంట్ల ఇంకెవరో పెడుతున్నరు. చూస్కోండి."

ఆటోలో బకెట్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న స్వరూప ఆ మాట గురించే ఆలోచించింది. నాగేశ్‌కు తీరిక లేదు. జమ్ములమ్మకు అదంటే భయం. ఇల్లు చేరే దాకా ఆమెకు తట్టనేలేదు. ఎంకమ్మ పేరు తట్టకపోవడానికి కారణం ఉంది. ఆకలని వీధిలో చెప్పుకునే మనిషి, తన అన్నం ఇంకొకరికి పెడుతుందని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నం అత్తకు అన్నం పెట్టి, ఎదురుగా ఉండి చూడమన్న డాక్టరమ్మ మాట గుర్తున్నా, సాయంత్రానికి ఇవ్వాల్సిన కండెలు మిగిలి ఉంటే రాట్నం ముందు కూర్చుంది. పట్టుదారం సన్నం. వేలి కొసతో వదులుతూ ఉండాలి, బిగిస్తే తెగుతుంది. మనసు అక్కడ లేక బిగించినట్టుంది, తెగింది. రాట్నం ఆగింది. ఆ చప్పుడు ఆగాక, లోపలి గదిలో నీళ్ళు చప్పున ఎగసిన శబ్దం వినిపించింది.

స్వరూప తలుపు దాకా పోయి ఆగింది. ఎంకమ్మ మంచం అంచున కూర్చొని ఉంది. పళ్ళెం ఒళ్ళో ఉంది. పప్పన్నం ముద్ద చేసి, వంగి, తొట్టి మీదుగా చెయ్యి చాపింది. ప్యాసింజర్ మెడ సాగదీసి అందుకుంది. ఎంకమ్మ మరో ముద్ద చేసింది. అదీ తొట్టిలోకే పోయింది. మూడో ముద్ద తన నోటి దాకా తెచ్చుకొని, తాబేలు వైపు చూసి, మళ్ళీ చెయ్యి చాపింది.

"తిను బిడ్డా" అంటున్నది ఎంకమ్మ. "పొద్దుగాల గోలీలు గూడ పెట్టలేదా నీకు? నిన్ను గూడ మాడుస్తున్నదా?"

స్వరూపకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క అంగలో లోపలికి పోయి పళ్ళెం లాక్కుంది. "ఏం చేస్తున్నవత్తా? దానికి పెట్టి నువ్వు మాడుతున్నవు, ఊరంతా నన్ను తిడుతున్నది!"

ఎంకమ్మ బెదరలేదు. చేతికంటిన మెతుకులు చూసుకుంటూ, "గట్ల సూస్తుంటే గొంతు దిగుతదా?" అన్నది. "చిన్నప్పటి సంది నేను ఎవల ముందట ఒక్కదాన్నే తిన్లే. అది నోరు తెరుస్కోని సూస్తుంటది. దానికి పెట్టి తిందామంటే, దానికి సాల్తనే లేదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడడిగినవ్? పళ్ళెం ఇచ్చిపోతవ్, పళ్ళెం తీస్కపోతవ్."

స్వరూప పళ్ళెం పట్టుకొని అట్లాగే నిలబడింది. తొట్టిని అక్కడ పెట్టింది తనే. పొద్దుపోవడానికని తెచ్చి ఆకలిగొన్న నోటిని ముసలామె ముందు పెట్టింది.

*

ఆ సాయంత్రమే జమ్ములమ్మ సాయంతో తొట్టిని పెరట్లోకి మార్చింది. ఇక అయిపోయింది అనుకున్నది. మాపున సూది వేసి, రొట్టె పెట్టి, డాక్టరమ్మ చెప్పినట్టే ఎదురుగా గడపకు ఆనుకొని నిలబడింది.

ఎంకమ్మ తొలి ముద్ద చేసి కోడలి వైపు చాపింది.

"నేను తర్వాత తింటనత్తా. నువ్వు తిను."

చెయ్యి అట్లాగే ఉంది. స్వరూప ముఖం తిప్పుకొని మళ్ళీ చూస్తే, ముద్ద పళ్ళెంలో పెట్టేసి ఎంకమ్మ చేతులు ముడుచుకొని కూర్చుంది. "ఆకలి లేదు" అన్నది. చూడకుండా వదిలేస్తే ఎంత తిన్నదో తెలియదు. చూస్తూ నిలబడితే తినదు. సూది మాత్రం ఒంట్లోకి పోయింది. విసుగుతో, భయంతో స్వరూప పొయ్యి దగ్గరికి పోయి, తనకూ ఒక పళ్ళెంలో రొట్టె వేసుకొని వచ్చి ఎదురుగా కింద కూర్చుంది. ఎంకమ్మ తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి కోడలి పళ్ళెంలో పెట్టింది. కోడలు అది నోట్లో పెట్టుకునే దాకా చూసింది. తర్వాత మెల్లగా, చిగుళ్ళతో నములుతూ, చివరి తునక దాకా తిన్నది.

ఆ ఇంటికి వచ్చిన తర్వాత స్వరూప కింద కూర్చొని, వేడి రొట్టె తినడం ఎప్పుడు జరిగిందో ఆమెకే గుర్తు లేదు. ఆమె తిండి ఎప్పుడూ పొయ్యి పక్కన నిలబడి, అందరిదీ అయ్యాక. బాగానే అనిపించింది. కానీ ఎంకమ్మ తినడానికి పట్టిన సేపట్లో రెండు మూడు కండెలయ్యేవి. పూటపూటకూ ఇట్లా అంటే ఎట్లా సాగుతుందో ఆమెకు అర్థం కాలేదు.

శుక్రవారం, శనివారం అట్లాగే గడిచాయి. పక్క సందులోని మందుల దుకాణం కుర్రవాడు వచ్చి వేలికి పొడిచి షుగరు చూశాడు. సరిగ్గానే ఉందన్నాడు. స్వరూప సంతోషంతో పుష్పమ్మకు చెబుదామని ఫోన్ తీసింది. నంబరు దాకా పోయి ఆగింది.

చెబితే ఏమవుతుంది? తన మీద పడ్డ మాట పోతుంది. దాంతోపాటు ఆదివారం కూడా పోతుంది. పుష్పమ్మ రాదు. చెప్పకపోతే పుష్పమ్మ వస్తుంది, తల్లిని తీసుకొని పోతుంది. వనపర్తిలో ఎదురుగా తాబేలు ఉండదు కాబట్టి ఎంకమ్మ తింటుంది, ఒళ్ళు చేస్తుంది, గద్వాలలో కోడలు మాడ్చిందని అందరికీ రుజువవుతుంది. కానీ పొద్దున సూది ఉండదు. మాపున సూది ఉండదు. రాత్రి మంచం చప్పుడైతే లేవాల్సిన పని ఉండదు. ఎవరి నోటికి ఎంత పోయిందో చూసే పని ఒక్క నెల పాటైనా ఉండదు. చెడ్డపేరు ఎట్లాగూ వచ్చింది, ఆరామన్నా రానీ అనుకుంది స్వరూప. అట్లా అనుకున్నందుకు సిగ్గనిపించింది. అయినా ఫోన్ పక్కన పెట్టేసింది.

శనివారం సాయంత్రం అత్త చీరలు మడిచి సంచిలో సర్దింది. సూదులు, మందులు, కాళ్ళకు పూసే నూనె, చలికి కప్పుకునే శాలువా. ఎంకమ్మ మంచం మీద నుంచి చూస్తూ, "నీ చీరలేవి?" అని అడిగింది.

"నేనెందుకొస్త? వదిన వచ్చి నిన్ను తీస్కపోతది."



*

ఆదివారం తొలి బస్సుకే పుష్పమ్మ వచ్చింది. అరటిపండ్లు తెచ్చింది. సంచి సర్ది ఉండటం చూసి ఒక్క క్షణం ఆగింది. కోడలు బతిమాలుతుందనో, కొట్లాడుతుందనో అనుకొని వచ్చినట్టుంది.

స్వరూప ఎప్పటిలాగే సూది వేసి, కాసేపాగి, పప్పులో నానిన రొట్టె పళ్ళెంలో పెట్టింది. "నేను పెడత తే" అని పుష్పమ్మ ఆ పళ్ళెం అందుకుంది. తల్లి చేతిలో పెట్టి, చేతులు కట్టుకొని ఎదురుగా నిలబడింది. "తినమ్మా. మొత్తం తినాలె. నేను చూస్త."

స్వరూప సంచి తాళ్ళు కడుతున్నట్టు గోడ వైపు తిరిగి కూర్చుంది.

ఎంకమ్మ ముద్ద చేసి కూతురి వైపు చాపింది.

"నాకొద్దమ్మా. నేను తినే వచ్చిన. నువ్వు తిను."

చెయ్యి కదలలేదు.

"అయ్యో, నాకెందుకమ్మా? నీకే పెట్టింది. తిను." పుష్పమ్మ గొంతు కొంచెం హెచ్చింది. "బువ్వ ముందట పెట్టుకొని గిట్ల చేస్తే ఎట్ల?"

ఎంకమ్మ ముద్దను పళ్ళెంలో వదిలేసింది. "ఆకలి లేదు" అన్నది. పుష్పమ్మ ముద్ద తీసి తల్లి నోటికి అందించబోయింది. ఎంకమ్మ పెదాలు బిగించి తల పక్కకు తిప్పుకున్నది. మళ్ళీ ఒకసారి. మళ్ళీ అంతే. పుష్పమ్మ ముఖంలో కోపం పోయి భయం మొదలైంది. "ఏందిది స్వరూపా? సూది వేసినవు గదా, తింటలేదేంది?"

స్వరూప చేతిలో సంచి తాళ్ళు ఉన్నాయి. ఒక ముడి వేస్తే చాలు, ఆ సంచి వనపర్తి పోతుంది. దారిలో అరటిపండు తింటుందిలే అనుకోవచ్చు. బస్సులో అందరూ చూస్తుంటే తినదని ఆమెకు తెలుసు. అత్త నుదుటి మీద చెమట పడుతున్నదా, లేక తన కళ్ళకు అట్లా కనిపిస్తున్నదా తెలియలేదు. ఎంకమ్మ చెయ్యి పళ్ళెం అంచు మీద సన్నగా వణుకుతున్నది.

స్వరూప తాళ్ళు వదిలేసి లేచింది. పొయ్యి దగ్గరికి పోయి, పళ్ళెంలో ఒక రొట్టె వేసుకొని వచ్చి అత్త ఎదురుగా కింద కూర్చుంది. ఎంకమ్మ ముద్ద తీసి కోడలి పళ్ళెంలో పెట్టింది. కోడలు తిన్నది. అప్పుడు ఎంకమ్మ తిన్నది.

పుష్పమ్మ గోడకు ఆనుకొని నిలబడి చూసింది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి బయట ఎండ అరుగెక్కింది.

"ప్రతి పూట గిట్లనేనా?" అని చివరికి అడిగింది.

"ప్రతి పూట. ఎదురుంగ ఒకరు తింటేనే తింటది."

అప్పుడు చెప్పింది స్వరూప, తాబేలు సంగతి, డాక్టరు సంగతి, అన్నీ. పుష్పమ్మ పెరట్లోకి పోయి తొట్టిలోకి తొంగి చూసింది. ప్యాసింజర్ అద్దానికి కాళ్ళు కొట్టుకుంటూ నోరు తెరిచింది. ఆమె చాలాసేపటికి లోపలికి వచ్చింది.

"మాకు పొద్దుగాల దుకాణం తీస్తే రాత్రి దాక కూసునే తీరిక ఉండది స్వరూపా. నేనూ మీ అన్నా నిలబడే తింటం" అన్నది, చీర కొంగు సవరించుకుంటూ. "నువ్వంటే ఇంటిపట్టున ఉంటవు. అమ్మకు ఈడనే అలవాటు. దసరా ఎల్లినంక చూద్దాం."

స్వరూప ఆమె ముఖంలోకి చూసింది. తన ముఖంలో నిన్న సాయంత్రం ఏముందో అదే కనిపించింది. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

పుష్పమ్మ పోతూ పోతూ జమ్ములమ్మ గడప ముందు ఆగింది. వీధంతా వినపడేటట్టు, "మా స్వరూప మంచిగనే చూస్కుంటుంది జమ్ములమ్మక్కా. మాదే పొరపాటు, అమ్మనే తినకుండ తాంబేలుకు పెట్టిందంట" అన్నది. మంగళవారం నుంచి స్వరూప ఎదురుచూసిన మాట అదే. లోపల కూర్చొని విన్నది. ప్రాణం తేలికపడుతుందనుకుంది, పడలేదు. నింద పోయినందుకు కలిగిన సంతోషం కంటే ఆదివారం పోయినందుకు కలిగిన బాధే ఎక్కువగా ఉంది. సంచిలోంచి చీరలు తీసి ఒక్కొక్కటే మళ్ళీ దండెం మీద వేసింది.

ఆ రోజు ప్యాసింజర్‌కు తిండి పెట్టే రోజు. పొద్దుగూకే వేళ పెరట్లోకి పోయి దాని తలకాయంత లెక్కన గోలీలు వేసింది. అది రెండు గుటకల్లో మింగి మళ్ళీ నోరు తెరిచింది. "ఇంక లేదు" అన్నది స్వరూప, వెనక్కి తిరిగి.

లోపల రెండు పళ్ళేలు తీసింది. ముసలామె తన వంతులోంచి తీసి పెడితే సూదికి తగినంత తిండి పడదని ఈ మూడు రోజుల్లో ఆమెకు తెలిసింది. అందుకని అత్త పళ్ళెంలో ఒక పిడికెడు ఎక్కువ వేసింది, తన పళ్ళెంలో అంతే తగ్గించింది. తీసుకొచ్చి ఎదురుగా కూర్చుంది.

ఎంకమ్మ కోడలి పళ్ళెంలోకి వంగి చూసింది. "గింతనేనా నీకు?"

"చాలత్తా."

"ఎప్పుడు నిలబడే తింటవు, ఏం తింటవో ఏమో. ఎవలన్న అడుగుతరా నిన్ను?" ఎంకమ్మ ముద్ద చేసి, ఈసారి పళ్ళెంలో పెట్టకుండా, చెయ్యి చాపి కోడలి నోటి దాకా తెచ్చింది. "తిను బిడ్డా."

స్వరూప నోరు తెరిచి ఆ ముద్ద అందుకుంది. ఆమె మింగే దాకా చూసి, ఎంకమ్మ తన పళ్ళెం ముందుకు లాక్కున్నది.